అణకువయు అణచివేతయు

మన భాషలో అణకువ యనియు, అణచివేత యనియు రెండు మాటలు గలవు. రెంటికిని మూలము అణగుట యనునదియే. తానై అణగియుండుట అణకువ. ఒరులచే అణపబడుట అణచివేత. మొదటిది గుణము, రెండవది గాయము. ఒక్క కడుపున పుట్టిన యీ రెండు మాటలను లోకము తరచుగా తారుమారు చేయుచుండును. దెబ్బలు తిని తల యెత్తజాలని వానిని చూచి, ఎంత అణకువ గలవాడని మెచ్చుకొనుట మన గ్రామములలో క్రొత్త కాదు. ఆ మెప్పు వినినవాడు సంతోషించునో, లోలోన కుమిలిపోవునో విచారించువారు అరుదు.

క్రైస్తవ మతము అణకువను సద్గుణములలో నెల్ల ముందు నిలిపినది. ఆ మతము మన తెనుగు నాట అధికముగా ప్రవేశించినది అణపబడినవారి వాడలలోనికి. కావున ఒక ప్రశ్న తప్పక పుట్టును. తగ్గించుకొనుమని చెప్పు బోధ, తరతరములుగా తగ్గింపబడిన వారికి ఏమి మేలు చేయగలదు? ఈ ప్రశ్నకు గ్రంథములలోకంటె చరిత్రలో సమాధానము వెదకుట మేలని నాకు తోచినది.

వనపర్తి జిల్లాలోని పెద్దమందడిని ఉదాహరణముగా గొందము. ఒకప్పుడు సంస్థానాధీశుల యేలుబడిలో నుండి, పిమ్మట పాలమూరు జిల్లాలో చేరి, 2016వ సంవత్సరమున వనపర్తి జిల్లా యేర్పడగా అందు భాగమైన సీమ యిది. వానలు నమ్మరానివి, పొలములు మెట్టవి. ఇచ్చటి బీదలు ముల్లె కట్టుకొని దేశదేశములకుం బోయి చెరువులు త్రవ్విరి, కాలువలు తీసిరి, ఆనకట్టలకు మట్టి మోసిరి. పాలమూరు కూలీ యను మాట దూరదేశములలో సయితము వాడుకలోనికి వచ్చెను. ఊరి పెద్దల యెదుట చెప్పులు చేతబట్టుకొని నడచుటయు, మేస్త్రీ యెదుట నోరు మెదపక నిలుచుటయు ఎరిగిన యీ జనులకు తలవంచుట యెట్లో ఒకరు వచ్చి నేర్పవలసిన పని లేదు.

అయినను వనపర్తి, నాగరుకర్నూలు, గద్వాల ప్రాంతములకు అణకువనే తమ కులధనముగా జెప్పుకొను ఒక క్రైస్తవశాఖవారు వచ్చిరి. వారినే మన జనులు ఎం. బి. సంఘమువారని పిలుతురు, అనగా మెన్నోనైట్ బ్రదరన్ శాఖవారు. వారి పూర్వకథ తెలిసికొనినగాని మన ప్రశ్నకు దారి దొరకదు.

క్రీస్తు పుట్టిన కాలమున గ్రీకులకును రోమకులకును అణకువ సద్గుణము కాదు. గ్రీకుభాషలో ఆ మాట నీచతను, బానిస బుద్ధిని సూచించునదిగా నుండెను. ఘనులు ఘనత కోరవలెను. హీనులు హీనులుగా నుండవలెను. ఇది వారి నీతి. సిలువ యనునది బానిసలకును, తిరుగబడినవారికిని వేయు శిక్ష. అట్టి శిక్ష పొందినవానిని ప్రభువని కొలుచుట వలన ఒక విపర్యయము సంభవించెను. ఫిలిప్పీ పట్టణపు సంఘమునకు పౌలు వ్రాసిన లేఖలో, దైవస్వరూపుడైనవాడు తన వైభవమును విడిచి, రిక్తుడై, దాసుని రూపము దాల్చెనను భావము గలదు. ఇచ్చట మనము గమనింపవలసినది యొకటి. దిగివచ్చినవాడు పైనున్నవాడు. విడుచుటకు వైభవము గలవాడు గనుకనే విడిచెను. ఈ బోధ మొట్టమొదట ఉన్నవానికి చెప్పిన మాటయే కాని లేనివానికి చెప్పిన మాట కాదు.

పదునాఱవ శతాబ్దమున ఐరోపాలో మతసంస్కరణము చెలరేగినప్పుడు, పసిబిడ్డల బాప్తిస్మమును నిరాకరించి, కత్తి పట్టమని ప్రతిన పూనిన బీదజనుల సంఘములు కొన్ని బయలుదేరినవి. 1536లో కతోలిక గురుత్వమును విడిచి వీరిలో జేరిన మెన్నో సైమన్సు పేరనే మెన్నోనైట్లను పేరు కలిగినది. జర్మను భాషలో గెలాసెన్‌హైట్ అని వీరికి ప్రియమైన మాట యొకటి గలదు. పదునాలుగవ శతాబ్దపు యోగియైన ఎక్‌హార్టు మొదలగువారి నుండి వచ్చిన మాట యది. విడిచిపెట్టుట, తన యిచ్చను దేవుని యిచ్చకు అప్పగించి నిశ్చింతగా నుండుట యని దాని తాత్పర్యము. మన వేదాంతులు చెప్పు అహంకారత్యాగమునకు ఇది మిక్కిలి దగ్గఱిది.

ఈ మాట వారికి ఊరక నోటిలోనిది కాదు. 1569లో హాలండు దేశమున డిర్క్ విల్లెమ్స్ అను నతడు చెఱసాలనుండి తప్పించుకొని, గడ్డకట్టిన నీటిపై పరుగిడి ఆవలి యొడ్డు చేరెను. వెంబడించిన భటుని కాలిక్రింద మంచు విఱిగి యతడు నీట మునుగుచుండగా, విల్లెమ్స్ వెనుదిరిగి వచ్చి చేయిచ్చి యీవలకు లాగెను. ఆ వెంటనే పట్టుబడెను, సజీవముగా దహింపబడెను. తన ప్రాణముకంటె తన్ను తఱుముచున్నవాని ప్రాణమునకు విలువ యిచ్చుట యనగా నేమో యీ యొక్క కథ చాటుచున్నది.

కాని చరిత్ర నిర్దాక్షిణ్యమైనది. హింసింపబడినవారి మనుమలు రష్యా దక్షిణభాగమున సారవంతమైన భూములు సంపాదించి, ఆస్తిపరులై, ఇతర జనులను కూలికి బెట్టుకొనిరి. తాము నిరాడంబరులమను అభిమానము వారిలో క్రమముగా నొక ఆడంబరమయ్యెను. ఆ మాంద్యమును సహింపక 1860లో కొందఱు వేరుపడి మెన్నోనైట్ బ్రదరన్ శాఖను స్థాపించిరి. 1874 మొదలు పలువురు అమెరికాకు వలసపోయిరి. రష్యానుండి అబ్రహాము ఫ్రీసెను 1889లో బయలుదేరి, అమెరికన్ బాప్తిస్టులతో గూడి నల్లగొండలో పని ప్రారంభించెను. అమెరికా శాఖవారి తరఫున 1899లో ఎన్. ఎన్. హీబర్టు దంపతులు హైదరాబాదునకు వచ్చిరి. ఇరువదవ శతాబ్దపు తొలి రెండు దశాబ్దములలో నాగరుకర్నూలు, దేవరకొండ, వనపర్తి స్థానము లేర్పడినవి. 1937లో మహబూబునగరు, గద్వాల స్థానములును బాప్తిస్టుల చేతినుండి వీరికి సంక్రమించినవి.

ఇచ్చట మన ప్రశ్న మఱింత పదునెక్కును. ఈ దేశమున అడుగు పెట్టగానే ఆ రైతుబిడ్డలు దొరలైరి. వారు కోరినను కోరకున్నను మన జనులు వారిని దొర యనియే పిలిచిరి. విశాలమైన కాంపౌండు, ఎత్తయిన బంగళా, వంటవాడు, కావలివాడు, జీతములిచ్చు అధికారము, వీనితో వారికిని మాలమాదిగ కుటుంబములకును నడుమ ఎంత దూర మేర్పడునో చెప్పనక్కరలేదు. విడిచిపెట్టుటయే ధర్మమని నమ్మినవారు, విడువవలసినది ఇంత పెరిగి తమ చేతి కెప్పుడు వచ్చెనో తామే యెఱుగకుండిరి. వారి ఆసుపత్రులను, బడులను, ఎండలో చేసిన ప్రయాణములను, ఈ నేలలో పాతిపెట్టిన పసిబిడ్డలను తలచినయెడల చులకనగా మాటాడ మనసొప్పదు. అయినను సేవ చేయుట వేఱు, సమానునిగా చూచుట వేఱు. సేవలో సయితము అహంకారము దాగియుండవచ్చును.

ఈ సంగతి మెన్నోనైట్లకు ముందే ఒంగోలులో నొక బాప్తిస్టు మిషనరీకి ఎదురయ్యెను. పాలమూరున 1885లో స్థానము నెలకొల్పిన ఎల్బర్టు చ్యూటు దొరయు ఆ తెలుగు బాప్తిస్టు మిషనుకు చెందినవాడే గావున, ఆ కథ మన సీమకు పరాయిది కాదు. జాన్ క్లౌ దొర అమెరికాలో భూములు కొలుచు సర్వేయరుగా పని చేసి, 1865లో నెల్లూరు వచ్చి, 1866లో ఒంగోలు చేరినవాడు. కార్యశూరుడు, తన శక్తిపై నమ్మకము గలవాడు. పై కులములవారిని ఆకర్షించినచో తక్కినవారు తామే వత్తురని అతని యూహ. బ్రాహ్మణ వైశ్య బాలురు కొందఱు బడికి రాసాగిరి. ఊరిపెద్దలు ఆదరించుచుండిరి. అంతలో మాదిగలు వచ్చిరి.

వారిని తెచ్చినవాడు ఎఱ్ఱగుంట్ల పేరయ్య. తోళ్ల వర్తకమునకై దూరము తిరిగినవాడు. రాజయోగ మభ్యసించి, తనవారిలో గురుస్థానము పొందినవాడు. 1866లో భార్యతో గూడ బాప్తిస్మము పొంది, మఱునాడే గురుపీఠమును విడిచి, చుట్టుపట్ల గ్రామములు తిరిగి చెప్పసాగెను. అతడు పిలువగా క్లౌ 1867 జనవరిలో ఆ యూరికి పోయెను. అచ్చట ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. వీరి బిడ్డలను బడిలో చేర్చుకొందురా యని ఒంగోలు పెద్దలు ప్రశ్నించిరి. చేర్చుకొనినచో మా బిడ్డలు రారనిరి.

క్లౌ దంపతులు ఆ రాత్రి పడిన వేదనను దొరయే తన జీవితకథలో చెప్పెను. వేఱువేఱు గదులలో గూర్చుండి, ఒకరి సంగతి యొకరెఱుగక, ఇరువురును గ్రంథము తెఱచిరట. ఇరువురి కన్నులును కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో ఒక్క చోటనే పడినవి. జ్ఞానులు, బలవంతులు, గొప్పవంశమువారు పెక్కుమంది పిలువబడలేదనియు, లోకము త్రోసివేసిన వారినే దేవుడు ఏర్పఱచుకొనెననియు అచ్చట నున్నది. దీనిని అద్భుతమందురో, కాకతాళీయమందురో చదువరులు తమ తమ నమ్మికనుబట్టి నిర్ణయించుకొందురు గాక. నిశ్చయమైనది ఫలితము. మాదిగ బాలురు బడిలో నిలిచిరి, తక్కినవారు వెడలిపోయిరి. క్లౌ విడిచినది డబ్బు కాదు, సుఖము కాదు. ఊరిపెద్దల మన్ననను, తాను వేసికొన్న గొప్ప పథకమును. స్వగౌరవముకంటె స్వప్రయోజకత్వమును విడుచుట కార్యశూరునకు కష్టతరము.

ఈ కథలో మఱియొక పాఠమును గలదు. దొరకు త్రోవ చూపినవాడు పేరయ్య. ఏ యూరికి పోవలెనో, ఎవరితో నెట్లు మాటాడవలెనో, ఏ పెద్ద మాటకు వాడ యంతయు కట్టుపడునో అతనికి తెలియును. పిమ్మట 1876-78 సంవత్సరముల కరవున క్లౌ బకింగుహాము కాలువలో సుమారు మూడు మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని వేలమందికి కూలి యిప్పించెను. కూటికై మతము పుచ్చుకొనిరన్న మాట రాకుండుటకు, పదునైదు నెలల కాలము బాప్తిస్మములే యీయలేదు. తరువాత 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ యంకె లోకమంతట మ్రోగెను. నాడు నీటిలో దిగి బాప్తిస్మ మిచ్చినవారు ఇద్దఱిద్దఱుగా వంతులు మార్చుకొన్న ఆర్గురు తెలుగు బోధకులు. దొర యొడ్డున నుండెను. కాని ప్రపంచపు పత్రికలకు తెలిసినది దొర పేరొకటే. ఒక పని జరుగుట యెవరివలన, పేరు వచ్చుట యెవరికి యను లెక్క నేటికిని మన సభలలో, సంఘములలో, ఇండ్లలో తేలలేదు.

ఇంతవఱకు పైనుండి దిగినవారి మాట చెప్పితిమి. క్రిందనుండి లేచిన యొకని మాట చెప్పక యీ కథ పూర్తి కాదు. తిరునెల్వేలి సీమలో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూలు అజరయ్య ఒక గ్రామపాదిరి కుమారుడు. తమిళ క్రైస్తవులు 1903లో తమ ధనముతో స్థాపించిన సంఘము పక్షమున, తెలుగు నేర్చుకొని, 1909లో గురుపట్టము పొంది, నైజాము రాజ్యములోని దోర్నకల్లులో పనికి పూనెను. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు పండ్రెండు వందలమంది ప్రతినిధులు వచ్చిరి. ఆసియా ఖండమునుండి పోయినవారు ఇరువదిమందికి లోపే. ఆ సభలో అజరయ్య లేచి, మిషనరీలు భారతీయుల కొఱకు ఎంతయో త్యాగము చేసినను, తోడి పనివారితో కలిసి భోజనము చేయుటకును చేయి కలుపుటకును వెనుదీయుచున్నారనియు, తమకు కావలసినది ఉపకారముకంటె స్నేహమనియు నిర్మొగమాటముగా జెప్పెను. సభ కలతపడెను. కొందఱు కోపించిరి. అది పొగరనిరి.

అది పొగరా? ఇదియే ముఖ్యమైన విచారణ. అణకువ యనగా నిజమును మ్రింగివేయుట కాదు. అజరయ్య తనకై గౌరవము కోరలేదు. ఒక జాతి కెదురుగా మూతబడిన తలుపును తట్టెను. రెండేండ్లకు, 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో అతడు భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికను బిషప్పుగా అభిషేకింపబడెను. బిషప్పయిన పిమ్మట ఎడ్లబండి మీద ఊరూర దిరిగి, మాలమాదిగ పల్లెలలో విడిదిచేసెను. బాప్తిస్మము పొందినవారు తమ చేతులు తలపై నుంచుకొని, విన్న సువార్తను ఇతరులకు చెప్పుట తమ విధియని ప్రమాణము చేయవలెనని ఆచార మేర్పఱచెను. ప్రతి యిల్లాలును వంటకు ముందు పిడికెడు బియ్యము సంఘమునకై తీసి యుంచవలెననెను. ఒరుల చేతివంక చూచుటకే అలవాటుపడినవారికి ఇచ్చువారగు గౌరవము దీనివలన లభించెను. 1936లో గాంధీ మహాత్ముడు అమెరికా దేశపు జాన్ మాట్‌తో సంభాషించుచు, ఇట్టి బోధలను తూచి గ్రహించు శక్తి హరిజనులకు లేదన్నట్లు పలికెను. అజరయ్యకు ఈ మాట సమ్మతము కాలేదు. తానెఱిగిన పల్లెజనుల వివేకమును గూర్చి సాక్ష్యము చెప్పుచు, 1945 జనవరి 1వ తేదీని చనిపోవువఱకు వారి నడుమనే జీవించెను. మహాత్ముల మనసున సయితము ఒరుల తెలివినిగూర్చి చిన్నచూపు ఒక మూల దాగియుండునేమో!

తిరిగి మన సీమకు వత్తము. మెన్నోనైటు మిషనరీ వంశమున 1932లో శంషాబాదులో పుట్టిన పాల్ హీబర్టు, పెద్దవాడై మిషనరీగా మరలి వచ్చి, మహబూబునగరు జిల్లాలోని కొండూరు అను గ్రామమున మానవశాస్త్ర పరిశోధన చేసి, 1971లో దానిపై గ్రంథము ప్రకటించెను. బోధింప వచ్చినవాడు ఊరి జనులయొద్ద విద్యార్థియై కూర్చుండెను. ఆయన తన్నుగూర్చి తాను చెప్పుకొన్న కథ యొకటి గలదు. ఒక గ్రామమున మశూచి వచ్చెను. ఊరి దేవతకు దున్నపోతును బలి యీయవలెనని, అందుకు ప్రతి యిల్లును చందా వేయవలెనని పెద్దలు నిర్ణయించిరి. క్రైస్తవులు ఒప్పుకొనలేదు. వారిని బావినీరు ముట్టనీయలేదు. కోమటి సరుకు లమ్మలేదు. అంతలో ఒక క్రైస్తవ బాలికకే మశూచి పోసెను. సంఘపెద్దయగు నొక ముసలివాడు వచ్చి, ప్రార్థింపుమని హీబర్టును వేడెను. సంఘము మోకరించెను, అతడు ప్రార్థించెను. వారము దినములకు ఆ ముసలివాడు మరల వచ్చి, బిడ్డ చనిపోయినదని చెప్పెను.

చదువుకొన్న మిషనరీ సిగ్గుతో క్రుంగిపోయెను. తన ప్రార్థన వ్యర్థమయ్యెననియు, ఊరి యెదుట తన మతము ఓడిపోయెననియు తలపోసెను. సంఘపు స్థితి యెట్లున్నదని వెఱచుచు అడిగెను. ముసలివాడు అతనిని ఓదార్చెను. బిడ్డ బ్రతికియున్నచో ఊరివారు దేవుని శక్తిని మెచ్చుకొని యుందురు. కాని ఏ బిడ్డయైనను ఎన్నడో యొకనాడు చావవలసినదే గదా. మేము ఆ బిడ్డను సమాధి చేయుచు నిరీక్షణతో పాడగా విన్నవారు చావును గెలిచిన దానినే చూచిరి అను నర్థము వచ్చునట్లు ప్రత్యుత్తర మిచ్చెను. ఇందు గురువెవరు, శిష్యుడెవరు? దొర దుఃఖములో బిడ్డకొఱకైన దుఃఖము కొంత, తన పరాజయమునకైన దుఃఖము కొంత కలిసి యుండెను. ముసలివాని దుఃఖములో తా నను మాట యే లేదు. బంగళాల గోడల నడుమ వివరించుట కష్టమైన గెలాసెన్‌హైట్, ఆ జర్మను మాట ఎన్నడు నెఱుగని యొక పల్లెవాని యందు కనబడెను. హీబర్టు ఈ సంగతిని దాచుకొనక లోకమునకు చెప్పుటయు అణకువయే.

అయినను ఇంతటితో మన కథ మంగళహారతి పాడదగినది కాదు. దొరలు వెడలిపోయిరి, బంగళాలు మిగిలినవి. అధికారపు కుర్చీ ఖాళీగా నుండదు. దొర కూర్చున్నచోట మనవారు కూర్చున్నప్పుడు, దొరకున్న గర్వమును కూడ కుర్చీతోబాటు ఇచ్చిపోయినట్లే యున్నది. శిలాఫలకములపై పేరులు, వేదికలపై ముందువరుసలు, పదవులకై పోరాటములు, మాలలకు మాదిగలకు నడుమ మానని యంతరము, ఇవి క్రైస్తవులకే పరిమితములు కావు. గుడి, బడి, సంఘసంస్కరణ సభ, ఏదియు దీనికి మినహాయింపు కాదు. సంస్కర్తనను గర్వము గర్వములలో సూక్ష్మమైనది. దానిని ధరించినవానికి అది కనబడదు.

మెన్నోనైట్లకు పాదములు కడుగు ఆచార మొకటి పరంపరగా గలదు. క్రీస్తు శిష్యుల పాదములు కడిగినట్లు, సంఘములోనివారు ఒకరి పాదము లొకరు కడుగుదురు. మన యిండ్లలోను కాళ్లు కడుగుట గలదు. అల్లునికి కడుగుదుము, పెద్దలకు కడుగుదుము. ఎల్లప్పుడు చిన్నవారు పెద్దలకు, ఆడుపిల్లవారు మగపిల్లవారికి. ఈ నీరు ఎన్నడును పైకే ప్రవహించును! పెద్దవాడు చిన్నవాని పాదము పట్టుట, చెప్పులు కుట్టినవాని కాళ్లను చెప్పులు తొడిగినవాడు కడుగుట మన మెక్కడ జూచితిమి? ఆ దృశ్యమును మనసున నిలుపుకొనినచో అణకువ యెవరినుండి కోరదగినదో తెలియవచ్చును.

చదువరులారా! పెద్దమందడి నుండి పనికై పట్టణమునకు వచ్చి, మన వీధిలో ఇల్లు కట్టుచున్న కూలివాడు మన యెదుట చేతులు కట్టుకొని నిలిచినప్పుడు, దానిని అణకువ యని సంతోషింపకుందము. మనమే కుర్చీ చూపి, పేరడిగి, నీరిచ్చి, అతడు చెప్పునది కడవఱకు విందము. మన యింటి పనిమనిషి కూతురు మన కూతురి ప్రక్కన బడిలో కూర్చుండునప్పుడు, ఒంగోలు పెద్దల ప్రశ్న మన నోట రాకుండ చూచుకొందము. మాట తప్పని మన కొడుకు మన తప్పును ముఖముమీద చెప్పినప్పుడు, అజరయ్య మాట విని కోపించిన వారివలె కాక, ఆలోచింతము. అణకువ నేర్పవలసిన బడి క్రిందివారి వాడలో లేదు. అది మన యింటి నడిమింట నున్నది. ఆ బడిలో చేరవలసిన మొదటి విద్యార్థి ఇంటి యజమానుడు.